కాలేజీ సాకర్ ఆడినవారికి ఒక ప్రశ్న: ఇన్నేళ్ల తర్వాత ఆ నాలుగేళ్లు మీకు ఎలా కనిపిస్తున్నాయి?

ప్రశ్న (ఒక తల్లి):

అందరికీ నమస్కారం. మా అమ్మాయి అమెరికాలో పదకొండో తరగతి చదువుతోంది. ఎనిమిదో ఏట క్లబ్ సాకర్‌లో చేరింది. అప్పటి నుంచి మా శని, ఆదివారాలు చాలావరకు మైదానాల పక్కనే గడిచాయి. పదో తరగతి పూర్తయిన వేసవిలో జూన్ 15 రాగానే, అంటే పై శ్రేణి అయిన డివిజన్ 1 కోచ్‌లు పిల్లలతో నేరుగా మాట్లాడవచ్చని, కళాశాల క్రీడలను నడిపే సంఘమైన ఎన్‌సీఏఏ నియమాలు అనుమతించే రోజు నుంచే, ఇంటికి ఫోన్లు మొదలయ్యాయి. ఇప్పుడు దాని ముందు రెండు దారులు ఉన్నాయి. ఒకటి, పాక్షిక క్రీడా స్కాలర్‌షిప్ ఇస్తామంటున్న డివిజన్ 1 విశ్వవిద్యాలయం. రెండోది, క్రీడా స్కాలర్‌షిప్ అనేదే లేని మూడో శ్రేణి, అంటే డివిజన్ 3 కళాశాల. అక్కడ చదువులో ప్రతిభను చూసి కొంత సాయం చేస్తామన్నారు. అమ్మాయి జీవశాస్త్రం చదివి వైద్యవిద్య వైపు వెళ్లాలనుకుంటోంది.

నేను, మా ఆయన ఇక్కడికి పై చదువుల కోసం వచ్చినవాళ్లమే గాని, విశ్వవిద్యాలయంలో ఆడుతూ చదవడం అంటే ఏమిటో మాకు అనుభవం లేదు. కోచ్‌లు చెప్పేది విన్నాము, కళాశాలలు ఇచ్చే పుస్తకాలు చదివాము. అవన్నీ ఇంకా జరగనిదాన్ని గురించి చెప్పే మాటలు. ఆట ముగిసి కొన్నేళ్లు గడిచినవారు వెనక్కి తిరిగి చూసి ఏమంటారో వినాలని ఉంది. గాయాల సంగతి, డబ్బు సంగతి కూడా చెప్పండి. కాని నాకు ముఖ్యంగా తెలుసుకోవాలని ఉన్నది ఆ నాలుగేళ్లు మీ జీవితంలో ఏం మిగిల్చాయి, ఏం తీసుకెళ్లాయి అన్నదే.

సమాధానం 1 (మాజీ మిడ్‌ఫీల్డర్, డివిజన్ 1):

నమస్కారం అండి. నేను 2008 ఆగస్టు నుంచి 2011 నవంబరు దాకా ఒక ప్రభుత్వ విశ్వవిద్యాలయ మహిళల జట్టులో ఆడాను. వెనుక వరుసకు ముందు నిలబడి ఆడే డిఫెన్సివ్ మిడ్‌ఫీల్డ్ నా స్థానం. ఇప్పుడు ఫిజికల్ థెరపిస్టుగా పనిచేస్తున్నాను. ఆడినందుకు నాకు విచారం లేదు. విచారం ఉన్నది మరొక విషయంలో, దాన్ని గురించే కాస్త వివరంగా రాస్తాను.

ముందు డబ్బు సంగతి, క్లుప్తంగా. మా రోజుల్లో డివిజన్ 1 మహిళల జట్టుకు 14 స్కాలర్‌షిప్పుల పరిమితి ఉండేది. కోచ్ ఆ మొత్తాన్ని ముక్కలు చేసి జట్టంతటికీ పంచేవారు. నా వాటాకు 40 శాతం వచ్చింది. పైగా అప్పట్లో విశ్వవిద్యాలయాలు క్రీడా స్కాలర్‌షిప్పును ఒక్కో ఏడాదికి మాత్రమే ఇవ్వగలిగేవి. ఒకటికి మించిన సంవత్సరాలకు రాసివ్వడానికి 2012లో గాని అనుమతి రాలేదు. అందుచేత ప్రతి వేసవి జూలై 1 లోపల రావలసిన ఉత్తరం కోసం ఇంట్లో అందరూ ఎదురుచూసేవారు. నాకు నాలుగేళ్లూ వచ్చింది. నాతో పాటు చేరిన ఒకమ్మాయికి మూడో ఏడాది సగం తగ్గింది. మీ అమ్మాయికి ఇస్తామంటున్న శాతం ఎంత అన్నదానితో పాటు, అది ఎన్నేళ్లకు రాతపూర్వకంగా ఇస్తున్నారో కూడా అడగండి.

ఇక సమయం సంగతి. సీజన్‌లో వారానికి 20 గంటలు, రోజుకు 4 గంటలు మించి ఆటకు వినియోగించరాదని నియమం ఉంది, వారానికి ఒక రోజు సెలవు ఇవ్వాలని కూడా ఉంది. కోచ్‌లు ఈ మాట చెప్పినప్పుడు తల్లిదండ్రులు ఊరట పొందుతారు, మా నాన్న కూడా పొందారు. అయితే ఆ లెక్కలోకి ఏది వస్తుందో, ఏది రాదో చూడాలి. మ్యాచ్ ఉన్న రోజు ఎంతసేపు గడిచినా అది 3 గంటలుగానే నమోదవుతుంది. ప్రయాణం లెక్కలోకి రాదు. మడమకు కట్టు కట్టించుకోవడం, ఐసు తొట్టిలో కూర్చోవడం, గాయానికి చికిత్స చేయించుకోవడం లెక్కలోకి రావు. ఎవరికి వారు ఇష్టపడి చేసే సాధన కూడా రాదు. ఆ ఇష్టం ఎంతవరకు నిజమైన ఇష్టమో పద్దెనిమిదేళ్ల పిల్లకు తెలియదు. మాకు సాధారణంగా శుక్రవారం ఒక మ్యాచ్, ఆదివారం ఒక మ్యాచ్ ఉండేవి. బయటి ఊళ్లలో ఆడవలసినప్పుడు గురువారం మధ్యాహ్నం బస్సెక్కితే ఆదివారం రాత్రి పొద్దుపోయాక తిరిగివచ్చేవాళ్లం. మొత్తం సీజన్ ఆగస్టు చివర మొదలై నవంబరులో ముగుస్తుంది కాబట్టి, దాదాపు ఇరవై మ్యాచ్‌లు ఆ కొద్ది వారాల్లోనే ఇరుక్కుంటాయి.

ఇందులో ఏదీ నాకు ఆ రోజుల్లో కష్టంగా తోచలేదు. ఆగస్టు ఉదయాల్లో, విద్యార్థులెవరూ ఇంకా రాని ప్రాంగణంలో, మంచుకు తడిసిన పచ్చికమీద మేమొక్కరమే ఉండేవాళ్లం. నేను అంత ఆనందంగా గడిపిన రోజులు నా జీవితంలో తక్కువ. చెప్పదలచుకున్నది కష్టం గురించి కాదు, ఆ కాలపట్టిక నిశ్శబ్దంగా చేసిన పని గురించి.

నేను కూడా మీ అమ్మాయిలాగే జీవశాస్త్రం చదవాలని వెళ్లాను. మొదటి ఏడాది బాగానే గడిచింది. రెండో ఏడాది ఆర్గానిక్ కెమిస్ట్రీ తీసుకోవాలి. దాని ప్రయోగశాల తరగతి మంగళ, గురువారాల్లో మధ్యాహ్నం ఒంటిగంటకు మొదలై సాయంత్రం దాకా సాగుతుంది. మా సాధన రెండున్నరకు. గురువారాలు ప్రయాణాలు. ఆ పాఠ్యక్రమం మొదటి భాగాన్ని మా విశ్వవిద్యాలయంలో శరత్కాలంలోనే బోధించేవారు, మా సీజనూ శరత్కాలమే. క్రీడాకారుల చదువు చూసే సలహాదారు చాలా మంచి మనిషి. ఆమె నన్ను ఏమీ బలవంతపెట్టలేదు. సమాజశాస్త్రంలో తరగతులు ఉదయంపూట ఉంటాయి, ఆ విభాగంలో మన జట్టు పిల్లలు చాలామంది ఉన్నారు, ఒకసారి ఆలోచించమని మాత్రం అన్నారు. నేను ఆలోచించాను, మారాను. ఇంటికి ఫోన్ చేసి నాకు మనుషులను గురించి చదవడం ఇష్టమని చెప్పాను. ఆ మాటను నేను కూడా నమ్మాను.

మూడో ఏడాది జీవశాస్త్రానికి తిరిగి వెళ్లాలనిపించింది. అప్పుడు మరో నియమం అడ్డు వచ్చింది. డివిజన్ 1లో ఆడే అర్హత నిలవాలంటే రెండో ఏడాది చివరికి డిగ్రీకి కావలసిన చదువులో 40 శాతం, మూడో ఏడాది చివరికి 60 శాతం పూర్తయి ఉండాలి. క్రీడాకారులు డిగ్రీ లేకుండా మిగిలిపోకూడదన్న మంచి ఉద్దేశంతో పెట్టిన నియమం అది, దాన్ని నేను తప్పుపట్టను. కాని శాతం లెక్కించేది మనం ఎంచుకున్న డిగ్రీకి పనికివచ్చే క్రెడిట్లను బట్టి. సమాజశాస్త్రంలో నేను సంపాదించిన క్రెడిట్లలో జీవశాస్త్రానికి పనికివచ్చేవి కొద్దే. వెనక్కి వెళితే చివరి సీజన్ ఆడలేను. ఇరవై ఏళ్ల వయసులో ఆ ప్రశ్నకు నా దగ్గర ఒకటే జవాబు ఉంది.

డిగ్రీ అయిన తర్వాత రెండేళ్లు కూర్చుని రసాయనశాస్త్రం, భౌతికశాస్త్రం, శరీరధర్మశాస్త్రం చదివి, ఆ పైన ఫిజికల్ థెరపీలో మూడేళ్ల డాక్టరేట్‌లో చేరాను. పోయిన రెండేళ్లకు నేను అంతగా బాధపడను. నన్ను చాలాకాలం వేధించినది ఏమిటంటే, కాలపట్టిక చేసిన నిర్ణయాన్ని నేను నా అభిరుచి అనుకోవడం. ఎవరూ నాకు అబద్ధం చెప్పలేదు. ఎవరూ నన్ను మోసగించలేదు. అందుకే అది జరుగుతున్నప్పుడు కనిపించలేదు.

ఏం మిగిల్చిందని కూడా అడిగారు. సోమవారాల్లో మా కోచ్ ఆదివారం మ్యాచ్ వీడియో పెట్టి, నేను బంతిని తప్పుగా పంపిన క్షణంలో దాన్ని ఆపి, 'ఇక్కడ నీకు ఏం కనిపించింది?' అని అడిగేవారు. ఎందుకు తప్పు చేశావని ఎప్పుడూ అడగలేదు. ఇరవై ఆరుగురి ఎదుట లేచి, నాకు కుడివైపు ఉన్న సహచరి కనిపించలేదు, నేను తల తిప్పి చూడలేదు అని చెప్పడం మొదట్లో గొంతు పట్టేసినట్టు ఉండేది. మూడేళ్లకు అది మామూలైంది. ఇవాళ మోకాలి శస్త్రచికిత్స అయిన రోగి మెట్టు దిగలేక ఆగిపోతే, నేను అడిగే మొదటి మాట 'కాలు మోపేటప్పుడు మీకు ఏమనిపించింది?' అన్నదే. ఏ తరగతిలోనూ నాకు దాన్ని నేర్పలేదు.

గాయాల విషయం నా వృత్తికి సంబంధించినది కాబట్టి ఒక మాట. మోకాలిలోని ఏసీఎల్ అనే లిగమెంటు తెగడం సాకర్ ఆడే అమ్మాయిల్లో అబ్బాయిల కంటే ఎక్కువ. శస్త్రచికిత్స తర్వాత మైదానానికి తిరిగి రావడానికి తొమ్మిది నెలలైనా ఆగడం మంచిది. ఆ కళాశాలలో పిల్లలను మళ్లీ ఆడించే నిర్ణయం వైద్యబృందానిదా, కోచ్‌దా అని సూటిగా అడగండి. జవాబు చెప్పడానికి తడబడితే దాన్ని గుర్తుపెట్టుకోండి.

ఆట ముగిసిన తర్వాతి సోమవారం ఉదయం అయిదున్నరకు ఎప్పటిలాగే మెలకువ వచ్చింది. వెళ్లవలసిన చోటు లేదు. రెండేళ్లు బంతిని ముట్టుకోలేదు. ఇప్పుడు ఆదివారాలు పెద్దవాళ్ల జట్టొకదానిలో ఆడుతున్నాను, అదే స్థానంలో.

సమాధానం 2 (రసాయనశాస్త్ర ఉపాధ్యాయిని, డివిజన్ 3లో ఆడినవారు):

పై సమాధానం చదివి చాలాసేపు అలాగే కూర్చున్నాను. నేను చేరిన డివిజన్ 3 కళాశాలలో ప్రయోగశాల తరగతి నాలుగున్నరకు ముగిసేది, సాధన నాలుగున్నరకే మొదలయ్యేది. మంగళవారాల్లో మేము ముగ్గురం ఆలస్యంగా పరుగెత్తుకుంటూ వచ్చి, మిగిలినవారితో కలిసేవాళ్లం. మా కోచ్ ఆ రోజు కఠినమైన వ్యాయామాలను ఆఖరున పెట్టుకునేవారు, మేము వచ్చాక జట్టు పూర్తవుతుందని. సీజన్ ముగిశాక వసంతంలో జట్టుగా సాధన చేసే రోజులు చాలా తక్కువ, కాబట్టి పరిశోధన ప్రాజెక్టు ఒకటి చేయగలిగాను, ఒక సెమిస్టరు విదేశంలో కూడా చదివాను.

అయితే డివిజన్ 3 అంటే అన్నీ సుఖంగా ఉంటాయని అనుకోవద్దు. క్రీడా స్కాలర్‌షిప్ లేదు కాబట్టి ఆటకు పైసా రాదు, చదువుకు ఇచ్చే సాయం మార్కులు నిలిస్తేనే నిలుస్తుంది. మా జట్టుతో గాయాలు చూసే ట్రైనర్ ఒకే ఒక్కరు ఉండేవారు, ఆమె మరో రెండు జట్లను కూడా చూడవలసి వచ్చేది. మ్యాచ్‌లకు వచ్చేవాళ్లు మా తల్లిదండ్రులు, హాస్టల్ స్నేహితులు, అంతే.

ఇంకొక మాట కూడా దాచకుండా చెప్పాలి. పదిహేడో ఏట నాకు ఒక డివిజన్ 1 కోచ్ నుంచి పిలుపు వచ్చింది. ప్రాక్టికల్‌గా ఆలోచించి కాదన్నాను. సరైన నిర్ణయమే. కాని నా సామర్థ్యం ఎంతవరకు వెళ్లేదో నాకు ఎప్పటికీ తెలియదు. టీవీలో డిసెంబరులో కాలేజీ కప్, అంటే జాతీయ టోర్నీ ఆఖరి దశ ఆడే అమ్మాయిలను చూసినప్పుడల్లా ఆ లోటు తెలుస్తుంది. మీ అమ్మాయి లెక్కలో దీన్ని కూడా వేయాలి. ఇది చిన్న విషయమని తల్లిదండ్రులకు అనిపించవచ్చు, ఆడే పిల్లకు కాదు.

సమాధానం 3 (ఇంజనీరు, డివిజన్ 1 పురుషుల జట్టులో వాక్-ఆన్):

నేను స్కాలర్‌షిప్ లేకుండా జట్టులో చేరినవాణ్ని, అంటే వాక్-ఆన్. అప్పట్లో పురుషుల జట్టుకు 9.9 స్కాలర్‌షిప్పులే ఉండేవి. అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు ఒక్కదానికే 85 దాకా ఉండేవి కాబట్టి, లింగవివక్షను నిషేధించే 1972 నాటి టైటిల్ నైన్ చట్టం ప్రకారం స్త్రీపురుషుల మధ్య సమతూకం చూపడానికి విశ్వవిద్యాలయాలు మహిళల సాకర్ వంటి క్రీడలకు ఎక్కువ ఇచ్చేవి. దాన్ని నేను అన్యాయమనను. మా అక్కకు దాని వల్లనే చదువుకునే అవకాశం దొరికింది.

మొదటి ఏడాది నన్ను రెడ్‌షర్ట్ చేశారు, అంటే జట్టుతో సాధన చేశాను గాని మ్యాచ్ ఆడలేదు. అయిదేళ్లలో నాలుగు సీజన్లు ఆడవచ్చన్న నియమం ఉండబట్టి ఇంజనీరింగ్ అయిదేళ్లలో చదువుకున్నాను. మొదటి సమాధానం రాసిన సోదరి చెప్పిన ప్రయోగశాల సమస్య నాకూ వచ్చింది. నేను వారానికి ఒక సాధన మానేస్తానన్నప్పుడు కోచ్ వెంటనే ఒప్పుకున్నారు. ఎందుకు ఒప్పుకున్నారో తర్వాత అర్థమైంది: నేను మొదటి పదకొండుమందిలో లేను. నా చదువు నిలబడడానికి ఒక కారణం నేను బెంచిమీద ఉండడమే. జట్టు మీ అమ్మాయిని ఎంత గట్టిగా కోరుకుంటుందో, ఆమె సమయాన్ని కూడా అంత గట్టిగా కోరుకుంటుంది.

కాలేజీ సాకర్‌లో గడియారం 45 నుంచి సున్నాకు వెనక్కి నడుస్తుందని మీకు తెలిసే ఉంటుంది. ప్రపంచంలో మిగతాచోట్ల ముగింపు రెఫరీ చేతిలో ఉంటుంది, ఇక్కడ అందరి కళ్లముందూ ఉంటుంది. కాని నా ఆఖరి మ్యాచ్ అలా కూడా ముగియలేదు. 2022కు ముందు సమానంగా ముగిసిన మ్యాచ్‌కు అదనపు సమయం ఇచ్చి, మొదట ఎవరు గోల్ వేస్తే వారే గెలిచినట్టు ప్రకటించేవారు. 2013 నవంబరులో అదనపు సమయం ఆరో నిమిషంలో ప్రత్యర్థి ఆటగాడు తలతో కొట్టిన బంతి వలలో పడింది. నేను బెంచి దగ్గర కాళ్లు సాగదీసుకుంటూ, లోపలికి వెళ్లడానికి సిద్ధమవుతున్నాను. నా పదిహేనేళ్ల ఆట అక్కడ ఆగింది. ఆ రాత్రి బస్సులో ఎవరూ మాట్లాడలేదు. ఆ బస్సులోని వాళ్లలో తొమ్మిదిమందితో నేను ఇప్పటికీ వారం వారం మాట్లాడుతున్నాను, ఇద్దరి పెళ్లిళ్లలో తోడు పెళ్లికొడుకులా నిలబడ్డాను.

ఇప్పటి పరిస్థితి గురించి ఒక సమాచారం. ఎన్‌సీఏఏపై క్రీడాకారులు వేసిన దావాలో 2025 జూన్‌లో న్యాయస్థానం ఆమోదించిన ఒప్పందం వల్ల పాత స్కాలర్‌షిప్ పరిమితులు పోయి, దానిలో చేరిన విశ్వవిద్యాలయాలకు జట్టు సభ్యుల సంఖ్యమీద పరిమితి వచ్చింది. సాకర్‌కు అది 28. అంటే 28 మందికీ పూర్తి స్కాలర్‌షిప్ ఇవ్వవచ్చు, కాని ఇచ్చి తీరాలని లేదు. నావంటి వాక్-ఆన్‌లకు చోటు తగ్గింది. మీరు మాట్లాడుతున్న విశ్వవిద్యాలయం ఆ ఒప్పందంలో చేరిందో లేదో, జట్టులో ప్రస్తుతం ఎంతమంది ఉన్నారో అడగండి. విశ్వవిద్యాలయం మారాలనుకునే ఆటగాళ్లు పేరు నమోదు చేసుకునే ట్రాన్స్‌ఫర్ పోర్టల్ ద్వారా ఏటా మారుతున్నారు; ఇవాళ మీ అమ్మాయికి చూపిన స్థానానికి రేపు మరో విశ్వవిద్యాలయం నుంచి ఇరవై రెండేళ్ల క్రీడాకారిణి రావచ్చు.

ప్రశ్న అడిగినవారి స్పందన:

మీ ముగ్గురికీ మనసారా కృతజ్ఞతలు. ఈ సమాధానాలు రాత్రి భోజనాల దగ్గర అమ్మాయికి చదివి వినిపించాను. తెలుగు చదవడం దానికి రాదు, వింటే అర్థమవుతుంది. రెండో సమాధానంలోని చివరి పేరా దగ్గర 'అమ్మా, అది మళ్లీ చదువు' అంది.

మర్నాడు అది తానే డివిజన్ 1 కోచ్‌కు ఉత్తరం రాసింది. గత కొన్నేళ్లలో జట్టులో ఎంతమంది జీవశాస్త్రంలో చేరారు, ఎంతమంది అందులోనే డిగ్రీ పూర్తిచేశారు అని అడిగింది. కోచ్ రెండు రోజుల్లో జవాబిచ్చారు: అయిదుగురు చేరారు, ఇద్దరు పూర్తిచేశారు, వారిలో ఒకరికి అయిదేళ్లు పట్టింది. ఆ ఇద్దరితో మాట్లాడే ఏర్పాటు చేస్తానని కూడా అన్నారు. సంఖ్య చూసి నాకు దిగులు వేసింది, కాని దాచకుండా చెప్పినందుకు ఆ కోచ్‌పై గౌరవం కలిగింది. వచ్చే వారం అమ్మాయి వాళ్లతో మాట్లాడబోతోంది. ఏం అడగమంటారు?

సమాధానం 1 రాసినవారు మళ్లీ:

ఆ ఇద్దరితో తప్పకుండా మాట్లాడించండి. వీలైతే మారిపోయిన ముగ్గురిలో ఒకరితో కూడా మాట్లాడించమని కోచ్‌ను అడగండి. వాళ్ల మాట మీకు ఇంకా ఎక్కువ ఉపయోగపడుతుంది.

పూర్తిచేసినవారిని ఇవి అడగమనండి. ఆర్గానిక్ కెమిస్ట్రీ ఏ సెమిస్టరులో తీసుకున్నారు, వేసవిలోనా, సీజన్‌లోనా? ప్రయోగశాల కోసం సాధన మానిన రోజు ఎప్పుడైనా ఉందా? ఉంటే, ఆ వారాంతపు మ్యాచ్‌లో వాళ్లను మొదటి పదకొండుమందిలో ఆడించారా, బెంచిమీద కూర్చోబెట్టారా? కోచ్ నోటితో ఏమన్నారన్నది అంత ముఖ్యం కాదు. శుక్రవారం జట్టు జాబితాలో పేరు ఎక్కడ ఉందో కనుక్కోండి.

మాట్లాడేటప్పుడు మీరు పక్క గదిలో ఉండండి. ఫోన్ పెట్టేశాక అమ్మాయి ఏం చెబుతుందో ఇక్కడ రాస్తారని ఎదురుచూస్తుంటాను.